చచ్చినవాళ్లు లేవని ఆట

బిజినేపల్లిలో మోటార్ వైండింగ్ బాలరాజంటే తెలియని రైతు లేడు. కాలిపోయిన బోరు మోటారును విప్పి, కొత్త రాగితీగ చుట్టి, మర్నాటికల్లా నీళ్లు పోయించే చెయ్యి అతనిది. అదే చేతికి ఇంకో పిచ్చి ఉందని మాత్రం కొద్దిమందికే తెలుసు. తెలిసినవాళ్లు నవ్వారు. నవ్వరా మరి! పెళ్లీ పెటాకులూ లేని మనిషి, వయసు నలభైకి దగ్గర పడుతోంది, షాపు వెనక గదిలో పాచికలు వేసుకుంటూ పీనుగల కోటల గురించి తనలో తాను మాట్లాడుకుంటుంటే, పిచ్చి ముదిరింది రోకలి తలకు చుట్టమనే అంటారు.

ఆ పిచ్చి హైదరాబాదులో అంటుకుంది. పాలమూరోళ్లందరూ పోయినట్టే అతనూ పనికి పోయి, మాదాపూర్‌లో ఒక గేమ్ కేఫ్‌లో చాయ్ అందించేవాడు. అక్కడ సాఫ్ట్‌వేర్ పిల్లలు బల్ల చుట్టూ కూర్చుని కథ ఆడేవారు. ఒకడు కథ నడుపుతాడు. శాపం తగిలిన రాజ్యం, పొద్దు పొడవని కోట, అందులో చచ్చినవాళ్లు తిరుగుతుంటారు అంటాడు. మిగతావాళ్లు తలా ఒక మనిషి అవుతారు. తలుపు తోస్తావా, పారిపోతావా, నీ ఇష్టం. నెగ్గావా లేదా అన్నది పాచిక చెబుతుంది. కప్పులు తీస్తూ తీస్తూ బాలరాజు ఆట నేర్చేశాడు. ఎవడైనా రాని రోజు "బాలూ, వచ్చి కూర్చో" అనేవాళ్లు. బతుకులో అతన్ని బల్ల దగ్గర కూర్చోమన్నది వాళ్లే.

కరోనాకు కేఫ్ మూతపడింది. ఓనరు పోతూ పోతూ రూల్స్ పుస్తకాలూ పాచికల సంచీ బాలరాజుకిచ్చాడు. ఊరికొచ్చి, చిన్నప్పుడు మేనమామ దగ్గర నేర్చిన వైండింగ్ పని మళ్లీ పట్టుకున్నాడు. సాయంత్రమైతే ఆ పుస్తకాలే తోడు.

మూడు పుస్తకాలు, దేని పద్ధతి దానిది. వాటిని పోల్చుకోవడమే అతనికి కాలక్షేపం. ఒకదాంట్లో కథ నడిపేవాడు పాచికను అట్ట చాటున వేస్తాడు. చెడ్డది పడినా మంచిదే పడిందని చెప్పి మనిషిని బతికించుకోవచ్చు. "ఇది పెండ్లిళ్ల పేరయ్య ఆట" అని బాలరాజు నవ్వుకునేవాడు. ఇంకోదాంట్లో చచ్చినవాణ్ణి లేపవచ్చు గానీ, తోటి ఆటగాళ్లలో ఒకరు తమ జ్ఞాపకమొకటి వదులుకోవాలి. ఒక్కడే ఆడుకునేవాడికి తోటివాళ్లెక్కడ! మూడోది మహా కటువు. పాచిక అందరి కళ్ల ముందే పడాలి. ఒకటి పడితే చావే, చచ్చినవాళ్లు ఇక లేవరు. బాలరాజుకు అదంటేనే ప్రాణం. భయం నిజమైతేనే బతకడం తీపి అని అతని వాదన. వాదన బాగానే ఉంది, వినే దిక్కే లేదు.

అట్లాంటివాడికి ఓ వానాకాలం అదృష్టం పట్టింది. పక్కింట్లోకి శంకరమ్మ కుటుంబం అద్దెకు దిగింది. కొడుకు మహేష్ ఆటో తోలుతాడు. కోడలు అశ్విని ఖిల్లా ఘణపూర్ పిల్ల. ఫ్యాన్ బాగుచేయించుకోవడానికొచ్చిన మహేష్ బల్లమీద పాచికలు చూశాడు.

"ఏందన్నా ఇవి? పచ్చీసు ఆడుతవా?"

బాలరాజు చెప్పడం మొదలుపెట్టాడు. ఫ్యాన్ సంగతి ఇద్దరూ మరిచిపోయారు. మర్నాడు అశ్విని కూడా వచ్చింది. వానలకు మోటార్ల పని తక్కువ, ఆటోకు గిరాకీ తక్కువ. పొద్దు వాలగానే ముగ్గురూ బల్ల చుట్టూ చేరేవారు. బాలరాజు ముందే బల్ల తుడిచి, వేడి వేడి మిర్చీ బజ్జీలు తెచ్చిపెట్టేవాడు. ఆటలో తమ మనుషులకు ఏవైనా వింత పేర్లు పెట్టుకోమంటే అశ్విని పకపకా నవ్వింది.

"ఆ వంకర పేర్లు మా నోరు తిరుగయన్నా. మా పేర్లే వెట్టు."

సరేనని పెట్టాడు. అక్కడే బోల్తా పడ్డాడు మహానుభావుడు.

కథలో కోటను అతను ఘణపూర్ గుట్టమీదే నిలబెట్టాడు. అశ్వినికి ఆ గుట్ట కొట్టినపిండి. "ఆ మలుపుల దాక్కోనీకి జాగ ఉండదన్నా, నాకెరుక" అని అతన్నే సరిదిద్దేది. మహేష్ దడుచుకుని వెనక్కి తగ్గే చోట ఆమె ముందుకు నడిచేది. పాచిక చేతిలోకి తీసుకుని కళ్లు మూసుకునేది. ఆ భయాన్ని చూసి బాలరాజు లోలోపల పొంగిపోయేవాడు. అమ్మయ్య, ఒక్క మనిషి దొరికింది అనుకున్నాడు.

అశ్వినికి అప్పుడు ఐదో నెల.

ఆ సాయంత్రం కథలో మహేష్ మనిషి కోట బావిలో చిక్కుకున్నాడు. పీనుగలు చుట్టుముట్టాయి. అశ్విని తాడు పట్టుకుని దిగింది, పాచిక వేసింది. ఒకటి పడింది. ముగ్గురూ చూశారు. కథ చెప్పే ఊపులో బాలరాజు గొంతు పెంచి, "అశ్విని సచ్చిపోయింది!" అన్నాడు.

గుమ్మంలో శంకరమ్మ. పిల్లలకని ఉడికించిన గుగ్గిళ్ల గిన్నె చేతిలో ఉంది.

"నీ నోట్ల మన్నువడ! దీపాలు వెట్టే యాళ్ల, కడుపుతోని ఉన్న పిల్లను వట్టుకొని ఏం మాటరా అది?"

ఆట అని చెప్పబోయాడు. ఆమె వినలేదు. కోడలి చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. మహేష్ తల వంచుకుని వాళ్ల వెనకే పోయాడు.

పొద్దున్నే మళ్లీ వచ్చింది, ఈసారి కొడుకునూ కోడలినీ వెంటబెట్టుకుని. రాత్రంతా నిద్ర లేనట్టుంది, కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"తథాస్తు దేవతలుంటరు కొడుకా. ఏ నోటితోని అన్నవో ఆ నోటితోనే బతికిందని అను. పిల్ల ఎదురుంగ అను."

ఇంకెవడైనా అయితే వెంటనే అనేసి దండం పెట్టేవాడు. మనవాడు ఏమన్నాడో వినండి.

"అది గట్ల కాదు పెద్దమ్మా. ఈ పద్ధతిల సచ్చినోళ్లు లేవరు. వేరే పుస్తకంతోని ఆడి ఉంటేనా..."

ఓరి దేవుడా! ఎవరి ముందు ఏం మాట! శంకరమ్మ అతన్ని తేరిపార చూసింది. కోప్పడలేదు.

"నీ పుస్తకాలు నాకు తెల్వయి బిడ్డా. నాకు నా పిల్ల గావాలె."

బాలరాజు మహేష్ వైపు చూశాడు. మహేష్ రోడ్డు వైపు చూస్తున్నాడు. ఇక వీళ్లు ఆటకు రారేమోనని అతనికి భయం పట్టుకుంది. ఒంటరిగా ఆడుకునేటప్పుడు కూడా ఎన్నడూ రూల్ తప్పనివాడు.

"అశ్విని బతికింది" అన్నాడు.

"ఇంకోపారి అను."

"అశ్విని బతికింది పెద్దమ్మా. మంచిగుంది."

"నోరు మంచిదైతే ఊరు మంచిదైతది" అని శంకరమ్మ నిట్టూర్చి, కోడలి తల నిమురుతూ వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం బల్ల తుడిచి బజ్జీలు తెచ్చాడు. ఎవరూ రాలేదు. మర్నాడూ రాలేదు. శంకరమ్మ పగబట్టలేదు, వండిన కూర ఏదో ఒకటి పంపుతూనే ఉంది. మహేష్ కనబడితే "బాగున్నవా అన్నా" అంటాడు, ఆటో ఆపడు.

ఏడో నెలలో పుట్టింటికి బయలుదేరిన అశ్విని, మహేష్ ఆటోలో సంచులు సర్దుతుండగా షాపు ముందుకొచ్చింది. బాలరాజు చేతిలో తీగ కిందపడేసి లేచాడు.

"నువ్వు బతికినవ్ గద చెల్లే. కాన్పయి వచ్చినంక మళ్ల ఆడుదం."

"ఎట్ల ఆడుతమన్నా? ఒకటి పడ్డది నేనే చూస్తి." ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. "అత్తమ్మ కోసం అన్నవ్, మంచి పనే చేసినవ్. కానీ ఇగ పాచిక ఏస్తే నాకు భయం గాదు. భయం లేకుంటే అదేం ఆట?"

అది అతని వాదనే. ఇన్నేళ్లకు అది అర్థమైన మనిషి ఒక్కరే దొరికారు, ఆ ఒక్కరూ ఆటో ఎక్కుతున్నారు. బాలరాజుకు ఏడుపొచ్చింది. "పైలం చెల్లే" అని మాత్రం అనగలిగాడు.

ఆ పూట షాపు తొందరగా కట్టేసి గదిలో కూర్చున్నాడు. మహేష్ మనిషి ఇంకా బావిలోనే ఉన్నాడు. వాడి తరఫున తనే పాచిక వేశాడు. ఒకటి పడింది. బాలరాజు గుమ్మం వైపు ఒకసారి చూశాడు. పాచిక తీసి మళ్లీ వేశాడు. రెండు. అదీ నచ్చక మళ్లీ వేశాడు. మంచిది పడేదాకా వేస్తూనే ఉన్నాడు. అట్ల వేయొద్దనేవాళ్లు ఎవరూ లేరు.