మోడుకు మిగిల్చిన పిలక

డెబ్బైల్లో ఒక వేసవి. పాడేరు నుంచి దిగుతున్న బస్సు ఘాట్ మధ్యలో వేడెక్కి ఆగిపోయింది. డ్రైవరు నీళ్ళ కోసం వాగులోకి దిగాడు. లోయకు అవతలి కొండ పైనుంచి కిందిదాకా కాలి నల్లగా ఉంది.

నా పక్క సీటులోని కొండజాతి ఆవిడ కూడా బస్సు దిగింది. ఒక తప్పేలా, ఒక చేట, చిన్న కత్తి, ఆమె సామానంతా అంతే. రోడ్డు పక్కన నరికేసిన చెట్టు మోడు చుట్టూ పిలకలు పొదలా గుబురుకట్టాయి. వాటి ముందు కూర్చుని ఒక్కొక్కటే కోయసాగింది.

"ఏటి సేత్తన్నావు? ఫారెస్టు గార్డు సూత్తే కేసెడతాడు, బేగి ఎక్కు!" అని కండక్టరు అరిచాడు.

"అన్నీ ఉంచేత్తే ఒక్కటీ సెట్టవ్వదు బాబూ," అంది తల తిప్పకుండా. "మా కొండ మీద సన్నపుల్లలు ఇలాగే తీసి పొయ్యిలో ఎట్టుకునేవోళ్ళం. ఆ గార్డులే కత్తెట్టకూడదన్నారు, మానేసినాం. పుల్లలన్నీ అక్కడే ఎండిపోనాయి. నిప్పంటుకుంది. అదిగో." కత్తితో అవతలి కొండను చూపించింది. "మా ఊరూ అందులోనే పోనాది."

"ఇప్పుడెక్కడికి వెళ్తావమ్మా?" అన్నాను.

"తెల్దు బాబూ. కిందకి."

తిన్నగా ఉన్న ఒక్క పిలకను మాత్రం ఉంచింది. కోసినవి మోపు కట్టి బస్సులోకి తెచ్చుకుంది.

"మళ్ళీ వచ్చేదానివా ఏటి, దాన్ని సూడ్డానికి?" అన్నాడు కండక్టరు.

ఆమె మోపును గట్టిగా ఒళ్ళోకి లాక్కుంది.

తర్వాత ఆ దారిన చాలాసార్లు వెళ్ళాను. ఆ మలుపు రాగానే కళ్ళు మూసుకుంటాను. ఆ ఒక్క పిలకా లేకపోతే ఏం చెయ్యను?