పాలకోవా వస్తేనే తాళంచెవి

ఈ ఉదయం కర్నూలులో ఒక కొత్త షెడ్డుకు మా పాత అంబాసిడర్‌ను తీసుకుపోయాను. మెకానిక్ బానెట్ ఎత్తగానే బ్రేకు ఆయిల్ వాసన గుప్పుమంది. పాత ఆముదంలా ఉండే ఆ వాసన చాలామందికి గిట్టదు. నాకు మాత్రం కడపలో మా పక్కింటి ఓబులేసు మామ వచ్చి నిలబడ్డట్టే ఉంటుంది. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, దాని జేబులో ఎవరిదో ఒకరి కారు తాళంచెవి, వీధి చివరిదాకా వినిపించే గొంతు. మామ ఇప్పుడు లేడు. ఆ గొంతు లేని వీధిలోకి పోవాలంటే నాకు ఇప్పటికీ మనసొప్పదు.

మాది నేతపని చేసే ఇల్లు. నాయన ఆ అంబాసిడర్‌లో చీరల మూటలు వేసుకుని ఊరూరా తిరిగేవాడు. ఆయన పోయాక మూటలూ కారూ నా చేతికొచ్చాయి. నాకు స్టీరింగ్ పట్టడం నేర్పించింది ఓబులేసు మామే. నేర్పించడం అంటే తిట్టడమే. "బండి పోనియ్యడం గొప్పగాదమ్మా, గేదె గూడా పోతాది. నిలబెట్టడం నేర్చుకో" అనేవాడు. వినయం అనే మాట ఆయన దరిదాపుల్లోకి రాలేదు. కడప జిల్లాలో తనంత మెకానిక్ లేడని ఆయనే చెప్పేవాడు, ఎవరైనా చెప్పేదాకా ఆగే ఓపిక లేక.

ఆయనకొక పద్ధతి ఉండేది. ఏ కారుకు బ్రేకు పని చేసినా, దాన్ని సొంతదారుకు ఇచ్చే ముందు భార్య లక్ష్మీదేవత్తను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాటు ఎక్కి దిగి వచ్చేవాడు. ఘాటు మీద ఆమెకు పాలకోవా కొనిపెట్టేవాడు. సొంతదారుకు తాళంచెవితో పాటు ఒక కోవా ముక్క అందేది. కోవా రాలేదంటే బ్రేకు ఇంకా ఆయనకు నచ్చలేదని అర్థం. "బ్రేకులు చూసుకునేకే ఈయప్ప నన్ను పెండ్లి చేసుకున్యాడు" అని లక్ష్మీదేవత్త వీధంతా చెప్పి నవ్వేది.

నాయన కారుకు పాతకాలం డ్రమ్ము బ్రేకులు. ఘాటు దిగేటప్పటికి వేడెక్కి పట్టు తప్పేవి. మా చెల్లెల్ని రాయచోటి నుంచి పురిటికి తీసుకురావాల్సి వచ్చినప్పుడు, ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు వేయిద్దామనుకున్నాం. కొత్త సామాన్లు ఇంటికి రాగానే అమ్మ వాటిని దేవుడి ముందు పెట్టి, తడిగుడ్డతో తుడిచి, పసుపు రాసి బొట్లు పెట్టింది. కుడి, ఎడమ అని తెలిపే కాగితపు చీటీలు ఆ తడికి ఊడిపోయాయి. ఎవరం పట్టించుకోలేదు.

బయలుదేరాల్సిన రోజు పొద్దున షెడ్డుకు పోతే మామ ముఖం మాడిపోయి ఉంది. బ్రేకు పెడలు మెత్తగా ఉంది. మొదటిసారి తొక్కితే కాలు నేలదాకా పోతోంది, వెంటనే రెండోసారి తొక్కితే గట్టిగా ఆనుతోంది. గొట్టాల్లో గాలి చిక్కుకుందన్నమాట. పొద్దుటి నుంచీ గాలి తీస్తూనే ఉన్నాడట. ఆయిల్ కారుతోంది, బుడగ మాత్రం రావడం లేదు. ఆయిల్ అమ్మినవాణ్ణి, గొట్టాలు చేసినవాణ్ణి, డిస్కులు కనిపెట్టినవాణ్ణి వరసపెట్టి తిడుతున్నాడు.

"రెండుసార్లు తొక్కితే పట్టుకుంటాంది గదా మామా, మెల్లగా పోయొస్తా" అన్నాను.

ఆయన నావైపు తిరిగాడు. "రెండోసారి తొక్కేకి ఘాటు నీకు టైమిస్తాదా? వెనక కడుపుతో ఉండే పిల్ల కూర్చోనుంటాది. తాళంచెవి ఇయ్యను పో."

ఇంతలో అమ్మ వచ్చింది. ఆ రోజు దాటితే మళ్లీ నెలదాకా మంచిరోజు లేదని అయ్యవారు చెప్పాడు. కూతుర్ని వాళ్ల నాయన బండిలోనే తెస్తానని అమ్మ ఒంటిమిట్ట రామునికి మొక్కుకుంది. వేరే కారు అంటే వినదు. "యాల భయపడతావు ఓబులేసూ? నేను పెట్టిన బొట్టు చూడు, పైకే ఎంత చక్కగా ఉండాదో! ఆ రాముడే చూసుకుంటాడులే" అంది, చక్రం విప్పిన చోట చేయి చూపిస్తూ.

మామ ఆ బొట్టు వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత నేలమీద చతికిలబడి ఫెడీమని నెత్తి కొట్టుకున్నాడు.

జన్మంతా డ్రమ్ములతో గడిపిన మనిషి. డిస్కును పట్టుకునే దిమ్మెలు బిగించేటప్పుడు, మా అమ్మ పెట్టిన బొట్టు తలకిందులు కాకూడదని, బొట్టు పైకి వచ్చేట్టు బిగించాడు. అలా కుడిది ఎడమకు, ఎడమది కుడికి పోయింది. పైన ఉండాల్సిన, గాలి వదిలే నిపుల్ రెండింటికీ అడుగుకు వచ్చింది. "గాలి పైన కూర్చోని నవ్వుతాంది. నేను కింద బొక్కలో దాన్ని ఎదుకుతాండా!" అన్నాడు.

అమ్మ ముఖం పాలిపోయింది. "అయితే నా బొట్టు వల్లనే ఇట్లాయెనా అప్పా?"

షెడ్డులో పనివాళ్లు, టీ తాగడానికి వచ్చిన ఇద్దరు లారీ డ్రైవర్లు వింటున్నారు. మామ పొద్దుటి నుంచి ఊరందరినీ తిట్టిన అదే గొంతుతో, అంతే గట్టిగా అన్నాడు: "బొట్టు పెట్టింది నువ్వు. బిగించింది నేను. తప్పు నాదక్కా."

"మార్చి బిగిస్తే బొట్టు కిందికి పోతాదేమో..." అని అమ్మ ఇంకా నసిగింది.

"కింద ఉన్నా బొట్టేలే అక్కా, యాడికి పోతాది!"

మార్చి బిగించి గాలి తీస్తే బుడగలు బొళబొళమని వచ్చాయి. నేను తొక్కి చూశాను. మొదటి తొక్కుకే పెడలు రాయిలా నిలిచింది. అయినా తాళంచెవి ఇవ్వలేదు. లక్ష్మీదేవత్త తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి ముందు సీట్లో కూర్చుంది. వాళ్లు ఘాటు దిగి వచ్చేలోపు అయ్యవారు చెప్పిన మంచిగడియ దాటిపోయింది, మంచిరోజు మాత్రం మిగిలింది. మామ కోవా ముక్క నా చేతిలో పెట్టాడు. అమ్మ తన సంచి తీసుకుని వెనక సీట్లోకి ఎక్కింది.

ఆ సాయంత్రం చెల్లెల్ని ఎక్కించుకుని ఘాటు దిగుతుంటే, ఒక మలుపు తిరగ్గానే అడ్డంగా లారీ ఆగి ఉంది. ఒక్కసారే తొక్కాను. కారు నిలబడింది. వెనక సీట్లో చెల్లెలు అమ్మ భుజం మీద నిద్రపోతూనే ఉంది. నాకు మాత్రం రెండుసార్లు తొక్కితే చాలన్న నా మాట గుర్తొచ్చి కన్నీళ్లు ఆగలేదు.

ఇప్పుడు నా చీరల్లో ఏదైనా రంగు దిగితే అద్దకంవాణ్ణి అనబోయి ఆగిపోతాను. అమ్మింది నేను. ఆ మాట చెప్పడానికి గొంతు తగ్గించకూడదని మామ దగ్గర చూశాను.

ఈ ఉదయం ఆ కుర్ర మెకానిక్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "అయిపోయింది మేడమ్, తీసుకుపోండి. మొదట కొంచెం మెత్తగా ఉంటాది, తిరగ్గా తిరగ్గా సర్దుకుంటాది."

"మంచిదప్పా. మీ ఇంట్లోవాళ్లను ఎక్కించుకుని ఊరిబయట దాకా ఒకసారి పోయిరా. అంతసేపు నేను ఈడనే ఉంటా" అన్నాను.

అతను నవ్వబోయాడు. నా ముఖం చూశాడు. నాతో వచ్చిన మా చెల్లెలి కూతుర్ని చూశాడు. ఆ రోజు వెనక సీట్లో, తల్లి కడుపులో ఘాటు దిగి వచ్చిన పిల్ల. కాసేపు కారు చుట్టూ తిరిగి, జాకీ తీసుకుని మళ్లీ చక్రం దగ్గర కూర్చున్నాడు.

పిల్లను నీడలోకి పిలిచి, నేనూ కూర్చున్నాను.