తాలు ఫ్యాను ముందు సూపర్‌హీరో

మా బాపు తొమ్మిది రోజులు ఎండబోసి, తిరగేసి, తాలూ పొల్లూ తీసి, నిగనిగలాడేలా పెట్టుకున్న వడ్లను నేను పది నిమిషాల్లో ఎలా పాడు చేశానో చెబుతాను. నవ్వుకోండి, ఏమీ అనుకోను. మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

అప్పుడు కామారెడ్డిలో డిగ్రీ రెండో ఏడు, ఫిజిక్సు. సోమవారం సెమినార్. నా అంశం "సూపర్‌హీరో ఎగరడం వెనక అసలు సైన్స్". ప్రయోగం వీడియో తీసి చూపించాలన్నారు సారు. తోటివాళ్లు బెలూన్లు, కాగితం రాకెట్లు చూసుకున్నారు. మన స్థాయికి అవి ఆనవు కదా! ఎల్లారెడ్డి దగ్గర మా ఊళ్లో, వడ్ల కొనుగోలు కేంద్రంలో, తాలు ఎగరగొట్టే పెద్ద ఫ్యాను ఉంది. దాని ముందు నిలబడితే ఒంటి మీద చొక్కా నిలవదు.

శనివారం పొద్దున బాపు ఛాయ్ తాగడానికి పోయాడు. ఇంకో గంటలో మా వడ్ల తూకం. ఆ వంతు తప్పితే మళ్లీ ఎప్పుడో. నేను కుప్ప మీది టార్పాలిన్ లాగి, సగానికి మడిచి, మెడకు కట్టుకున్నాను.

"మామ జూస్తే తంతడు రమేశా," అంది మా వదినె, ఫోను పట్టుకుని.

"పది నిమిషాలు వదినె. సైన్స్ కోసం."

"ఎండ ఎదురు కొడుతుంది. వీడియోల నీ మొకం నల్లగ వడుతుంది. ఫ్యాను గటు దిక్కు పెట్టు."

నాకు మొహం ముఖ్యం. చక్రాల ఫ్యానును తోసుకెళ్లి, తీసిపారేసిన తాలు కుప్పకు అవతల పెట్టాను. ఇప్పుడు వరస చూడండి. ముందు ఫ్యాను, తర్వాత తాలు, తర్వాత నేను, నా వెనక పైన ఏమీ కప్పని బాపు వడ్లు. ఫిజిక్సు చదివినవాడికి తప్ప ఎవరికైనా జరగబోయేది తెలిసిపోయేది.

"మిత్రులారా! మనిషి గాలిలో నిలవాలంటే తన బరువుకు సరిపడా గాలిని కిందికి నెట్టాలి. అప్పుడే గాలి అతన్ని పైకి నెడుతుంది. వీపున గుడ్డ కట్టుకున్నంత మాత్రాన ఎగరరు. ఇప్పుడే రుజువు చేస్తాను. వదినె, ఫ్యాను వెయ్!"

రుజువైంది. టార్పాలిన్ గాలి పట్టి నన్ను పైకి కాదు, వెనక్కి లాగింది. బాపు వడ్లలో వెల్లకిలా పడ్డాను. నా మీద తాలు, వడ్ల మీద తాలు, నోట్లో తాలు.

"బంద్ చెయ్ వదినె!"

"ఆగు, వీడియో మంచిగొస్తుంది!"

అప్పుడే బాపు, తూకమేసే అన్నను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ అన్న గుప్పెడు వడ్లు తీసి చూసి, కుదరదన్నట్టు తల ఊపాడు.

"గింత తాలుంటే ఎట్ల తీసుకుంట కాకా? మళ్ల ఫ్యానుకు పట్టుండ్రి. ముందుగాల మీ ఎనకున్న సాయన్న వడ్లు తూకమేస్త."

బాపు తిట్టలేదు. బస్తా మీద కూచుని తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. రెండు తగిలించినా బాగుండేది. నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

"ఏం జేస్తున్నవ్ రా?" అన్నాడు చివరికి.

"ఎగిరేటోని సైన్స్ బాపు."

బాపు లేచి, చేటెడు వడ్లు ఎత్తి, ఫ్యాను ముందు మెల్లగా జారవిడిచాడు. గింజలు కాళ్ల దగ్గరే పడ్డాయి. తాలు లేచి దూరంగా పోయింది.

"జూసినవా? గింజున్నది కిందనే వడ్డది. లోపట ఏం లేనిదే ఎగిరింది. గిది నేర్వనీకె కామారెడ్డి దాంక పోవాల్నా?"

వదినె ఫోను ఆపలేదు. చీకటి పడేదాకా వడ్లన్నీ నేనే మళ్లీ ఫ్యానుకు పట్టాను. తూకం రెండు రోజులు ఆలస్యమైంది. సెమినార్‌లో నా ఉపన్యాసానికి ఆవలించిన క్లాసంతా, వీడియోలో బాపు ముక్క రాగానే చప్పట్లు కొట్టింది. "ఎవరయ్యా ఈయన?" అన్నారు సారు. "మా గైడు సార్," అన్నాను.

కాబట్టి పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. వడ్లున్న చోట ఎగరను, ఎగరడం గురించి మాట్లాడను, భుజం మీద తువ్వాల తప్ప వీపున ఏ గుడ్డా కట్టను. అయినా ఏం లాభం? ఇంట్లో మాటా మాటా వచ్చి నేను కాస్త గొంతు పెంచితే చాలు, బాపు అన్నం కలుపుకుంటూ వదినెతో అంటాడు:

"ఫ్యాను బంద్ చెయ్ బిడ్డా, తాలు లేస్తుంది."