సత్తార్ మియా చెప్పిన తప్పులు

బోధన్ పట్టణంలో రేకుల దుకాణం నడిపే సత్తార్ మియాకు తెలియని విషయం లేదు. తెలిసిన విషయాల్లో సరైనది ఒక్కటీ లేదు. బాల్చీలకు అడుగులు వేస్తూ, లాంతర్లకు మాట్లు వేస్తూ, దారిన పోయే ప్రతివారినీ ఆపి ఏదో ఒక సంగతి చెప్పేవాడు. చెప్పేటప్పుడు ఆయన గొంతులో హైకోర్టు తీర్పు పలికేది. ఆ తీర్పు ప్రతిసారీ తప్పే. పాలమ్మే సత్తవ్వను పట్టుకుని, బర్రెకు ఎండుగడ్డి తడిపి పెడితేనే పాలు పలచబడతాయనేవాడు. ఆమె గంపంత నోరు చేసుకుని పావుగంట తిట్టి, గెలిచినదానిలా నడిచిపోయేది.

లోకమంతా నవ్వి వదిలేసిన ఈ తప్పులను ఎదురింటి దేవిదాస్ మాస్టరు మాత్రం వదల్లేకపోయారు. ముప్ఫై నాలుగేళ్లు నిజామాబాద్ బళ్లలో చరిత్ర, భూగోళం బోధించి, 1960లో ఉద్యోగ విరమణ చేసి బోధన్ వచ్చి స్థిరపడ్డారాయన. మాట్లాడినా అచ్చు వేసినట్టే ఉండేది. ప్రశాంతంగా వార్తాపత్రిక చదువుకుందామని అరుగు మీద కూర్చోగానే ఎదుటి నుంచి గొంతు వినిపించేది.

"మాస్టర్ సాబ్, మన మంజీర పోయి కృష్ణల కలుస్తదట గద?"

"కృష్ణలోనా! ఇక్కడికి నాలుగడుగుల్లో కందకుర్తి ఉంది. వెళ్లి నిలబడు. మంజీర గోదావరిలో కలవడం నీ కళ్లకే కనబడుతుంది!"

"అచ్ఛా? అయితె నడుమల తొవ్వ మార్చుకున్నదేమో."

"తొవ్వ మార్చుకోవడానికి నదులేమైనా నీ దుకాణం ముందు వెళ్లే ఎడ్లబండ్లటయ్యా!"

మాస్టరు మండిపడుతూ లోపలికి వెళ్లి ఒక దస్త్రం తీసేవారు. దాని అట్ట మీద గుండ్రటి అక్షరాలతో 'సత్తార్ మియా ఉవాచ' అని ఉండేది. తేదీ, వేళ, పలికిన తప్పు, తాము చేసిన సవరణ, విన్న సాక్షుల పేర్లు: అన్నీ వేర్వేరు గడుల్లో ఎక్కించేవారు. ఏనాటికైనా ఈ మనిషి ఒప్పుకోక తప్పని రోజు వస్తుందని, ఆ రోజున ఆధారాలు లేక తాము వెనకాడకూడదని ఆయన పట్టుదల. నాలుగేళ్లు తిరగకముందే దస్త్రం మూడో సంపుటంలోకి ప్రవేశించింది.

1963 అక్టోబరులో సత్తార్ మియా ఒక్కగానొక్క కొడుకు అస్లం మెట్రిక్ రెండోసారి తప్పాడు. పదహారేళ్లవాడు. మొదటిసారి తప్పినప్పుడు ఎవరో అయ్యవారు పదిమందిలో "నీ తలకాయల మెదడు లేదురా, చెరుకు పిప్పి ఉన్నది" అన్నాడట. రెండోసారి తప్పేసరికి అస్లం ఆ మాట నిజమేనని తీర్మానించుకున్నాడు. పుస్తకాలు అటకెక్కించి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. తల్లి హమీదాకు తమ్ముడు అయ్యూబ్ భీవండిలో మరమగ్గాల కార్ఖానాలో ఉన్నాడు. రంజాన్ పండుగకు వస్తాననీ, మూడోనాడు మేనల్లుణ్ణి వెంట తీసుకుపోయి మగ్గం మీద కూర్చోబెడతాననీ ఉత్తరం రాశాడు.

"పోత," అన్నాడు అస్లం. "మగ్గం కాడ తలకాయతోని పనేమున్నది?"

హమీదా ఆ ఉత్తరాన్ని మడిచీ విప్పీ, విప్పీ మడిచీ మడతలు చినిగేలా చేసింది. సత్తార్ మియా ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడం ఆ వీధికి కొత్త. ఆ రోజు మాస్టరు దస్త్రంలో గడులన్నీ ఖాళీగా ఉండిపోయాయి.

రుద్రూర్‌లో పోశయ్య అనే చెరుకు రైతుకు బెల్లం వండే కొట్టం ఉంది. కొట్టంతో పాటు దాని మూలనున్న మోటారు కూడా ఆయన పాలబడింది. 1936 నాటి విలాయతీ బండి. దొర ఎవరో హైదరాబాదు వెళ్లిపోతూ వదిలేశాడు. ముందు సీటు కోళ్లది, వెనక సీటు ఎలుకలది. బెల్లం వండే కాలం వచ్చి జాగ చాలక పోశయ్య దాన్ని బయటికి గెంటబోతుంటే, సత్తార్ మియా వెళ్లి "నాకియ్యి" అని అడిగి తెచ్చుకున్నాడు. తెచ్చుకోవడం అంటే ఎడ్లను కట్టి లాక్కురావడం. ఎడ్లను తోలడానికి అస్లంను నిద్ర లేపి లాక్కుపోయాడు.

బోధన్ పొలిమేరలో ఆ మోటారు చక్కెర మిల్లుకు పోయే చెరుకు బండ్ల వరుసలో ఇరుక్కుంది. ముందు నూరు బండ్లు, వెనక నూరు బండ్లు. ఎద్దుల కొమ్ములు కనబడగానే చీటీ ఇవ్వడం అలవాటైన జవాను తలెత్తకుండానే దానికీ ఒక చీటీ చేతిలో పెట్టాడు: నూట నలభై రెండో నంబరు.

"అబ్బా, ఇంకొంచెం సేపుంటె మనల్ని గూడ పిండి చక్కెర దీస్తరు," అన్నాడు అస్లం. చెప్పి తనే నవ్వాడు. సత్తార్ మియా ఆ నవ్వు విననట్టు ఎడ్లను అదిలించాడు.

మర్నాడు దుకాణం పక్క సందులో విద్యాభ్యాసం మొదలైంది.

"ఇంజను ముందర ఎందుకు వెడ్తరో ఎర్కేనా బేటా? ఎడ్లు ముందర ఉంటయి గనుక. మోటరు కనిపెట్టినోడు బండిని జూసి కనిపెట్టిండు."

"మరి బ్యాటరీ?"

"డ్రైవరు చీకట్ల అఖ్బారు చదువుకోనీకె."

"రేడియేటరుల నీళ్లు?"

"గడ్డం గీసుకోనీకె. పెద్దోళ్ల డ్రైవర్లు గడ్డం పెంచొద్దు."

అరుగు మీద వింటున్న మాస్టరు చేతిలోని పత్రికను మడిచి పక్కన పడేశారు. ఆయన వీధి దాటి వచ్చారు.

"ఏమయ్యా! నాతో అబద్ధాలు చెప్పావు, భరించాను. కన్నకొడుకును కూడా చెడగొడతావా? తండ్రివా, శత్రువువా?"

"గట్లయితె మీరే చెప్పుండ్రి సాబ్. ఇంజనుకు నీళ్లెందుకు?"

మాస్టరు తాము బోధించిన పాఠాలన్నీ మనసులో తిరగేశారు. చరిత్రలో మోటారు చివరి పేజీల్లో ఉంటుంది. అంతవరకు పాఠం ఏనాడూ పూర్తి కాలేదు. భూగోళంలో అసలే లేదు. ఆయన మరుసటి బస్సులోనే నిజామాబాద్ వెళ్లి, గ్రంథాలయంలో తమ పేరు మీద ఉర్దూలో ఉన్న మోటారు మరమ్మత్తుల పుస్తకం తీసుకువచ్చి అస్లం చేతిలో పెట్టారు.

"నాయనా, తండ్రి మాట వినాలి. అయితే ముందు ఇది చదువు, తరువాత విను."

ఇక పుస్తకం ముట్టనన్న అస్లం నాలుగు రోజుల్లో దాన్ని నమిలేశాడు. చదువు మీద ప్రేమతో కాదు, తండ్రిని పట్టుకోవాలన్న కసితో. అప్పటి నుంచి సందులో రోజూ కోర్టు నడిచింది.

"అబ్బా! నీళ్లు ఇంజను సల్లవడనీకె! నలభై మూడో పేజీల ఉన్నది!"

"గా బుక్కు రాసినోడు విలాయత్‌ల మంచుల కూసోని రాసిండు. వాని మాట బోధన్‌ల చెల్లది."

"మంచుల ఉన్నోనికే నీళ్లు కావాలంటే మనకు ఇంకెన్ని కావాలె?"

"వారేవా," అన్నాడు సత్తార్ మియా. తరువాత వెంటనే ప్లగ్గులను కొబ్బరినూనెలో నానబెట్టాలని ఆజ్ఞాపించాడు. అస్లం ప్లగ్గులను జేబులో వేసుకుని పరుగెత్తాడు. తండ్రి చేతికి ఏ వస్తువూ చిక్కనివ్వకూడదని వాడు నిర్ణయించుకున్నట్టుంది. పిస్టన్లు వదులు చేసింది వాడే, తీగెలు మార్చింది వాడే, మట్టి పట్టిన గొట్టాలు ఊది ఊది దవడలు వాచింది వాడికే. సత్తార్ మియా మాత్రం మోడా మీద కూర్చుని తప్పులు సరఫరా చేసేవాడు. మాస్టరు మూడో సంపుటానికి మరిన్ని కాగితాలు కుట్టుకున్నారు.

రంజాన్ నెల సగమయ్యేసరికి నిప్పురవ్వ వచ్చింది గాని పెట్రోలు రాలేదు. ట్యాంకులో పోసింది పోసినట్టే నిలిచింది. అస్లం అడుగు గొట్టం విప్పి చూస్తే నల్లటి రాయిలాంటిదేదో గట్టిగా పట్టుకుని ఉంది. పోశయ్యను పిలిపించారు.

"గదా? పానకం," అన్నాడు పోశయ్య, తప్పేముందన్నట్టు. "కొట్టంల చీమల బాధ. కుండల వెడితె చీమలు, డబ్బల వెడితె చీమలు. గీ మోటరు డబ్బకైతె బిర్రుగ మూత ఉన్నది. మూడేండ్లు దాంట్లనే పోసి దాసిన. ఒక్క చీమ రాలే."

"పెట్రోలు డబ్బల పానకం దాసినవా పోశన్నా!"

"నాకేమెరుక కొడుకా, మోటరు తాగేది గంత ఖరాబు సరుకని?"

"కిరసనాయిలు పొయ్," సత్తార్ మియా తీర్పు చెప్పాడు. "కిరసనాయిలుకు కరగనిది లోకంల లేదు."

మూడు రోజులు కిరసనాయిలు పోశారు. ట్యాంకు కంపు కొట్టింది, రాయి కదల్లేదు. పండుగ ముంగిట్లోకి వచ్చింది. అయ్యూబ్ బయలుదేరినట్టు కార్డు కూడా వచ్చింది. అస్లం మళ్లీ గోడవైపు తిరిగి పడుకునేవాడే. కాని వంటింట్లో హమీదా మాడిన హల్వా గిన్నెలో మరిగే నీళ్లు పోసి పక్కన పెట్టడం వాడి కంట పడింది. కాసేపటికి చూస్తే గిన్నె అడుగు తేటగా ఉంది. వాడు సందులోకి దూకాడు.

"అబ్బా! ఇది మోటరు బీమారి కాదు, బెల్లం బీమారి! బెల్లానికి నీళ్లు కావాలె!"

"పెట్రోలు డబ్బల నీళ్లా? నీకు పిచ్చి లేసిందా?"

"నీకేం తెల్వదు, నువ్వు పక్కకు జరుగు!"

పన్నెండు కాగుల వేడినీళ్లు పట్టాయి. సందంతా పాకం వాసన. చివరికి నల్లటి ముద్ద కరిగి కాలువలో పారింది. ట్యాంకులో కొంచెం నీళ్లు మిగిల్తే పెట్రోలుకు దూప తీరుతుందన్నాడు సత్తార్ మియా. అస్లం ఆయనవైపు జాలిగా చూసి, ట్యాంకును రెండు రోజులు ఎండలో బోర్లించాడు.

పండుగైన మూడోనాడు పొద్దున అయ్యూబ్ పెట్టె సర్దుకుని వాకిట్లో నిలబడ్డాడు. పదకొండింటికి బస్సు. అస్లం గుడ్డసంచీ కూడా ఆయన చేతిలోనే ఉంది. వీధివీధంతా సందు మొదట్లో చేరింది. అస్లం హ్యాండిల్ దూర్చి తిప్పాడు. దగ్గింది, ఆగింది. మళ్లీ తిప్పాడు. ఆగింది.

"చోక్ బంద్ జెయ్!" అరిచాడు సత్తార్ మియా.

"సల్లటి ఇంజనుకు చోక్ గుంజాలె అబ్బా! అంత ఉల్టా చెప్తవ్!"

గుంజాడు. తిప్పాడు. ఇంజను ఒకసారి తుమ్మి, వణికి, మూలిగి, పట్టుకుంది. వెనక గొట్టం నుంచి తెల్లటి పొగ, మాడిన చక్కెర వాసన. సత్తవ్వ పాలకుండ కింద పెట్టి చప్పట్లు కొట్టింది. హమీదా కొంగు నోట్లో కుక్కుకుంది.

"శభాష్ రా," అన్నాడు అయ్యూబ్. "నడువు మరి, బస్సుకు వేళయింది."

అస్లం మోటారు కిందికి దూరిపోయాడు. అక్కడి నుంచి గొంతు మాత్రం వచ్చింది. "మీరు పోండ్రి మామూ. బ్రేకులు ఇంక పట్టలే. మార్చిల పరీక్ష గూడ ఉన్నది."

అయ్యూబ్ గుడ్డసంచీని అక్క చేతిలో పెట్టి, ఒక్కడే బస్సెక్కాడు.

ఆ సాయంత్రం పోశయ్య మోటారు కాగితాల కట్టను మాస్టరుకు తెచ్చి ఇచ్చాడు. పేరు మార్పిడికి దరఖాస్తు రాయాలి. ఆ వీధిలో దరఖాస్తులన్నీ మాస్టరువే. కట్టలో దొర నాటి మరమ్మత్తుల లెక్కల పుస్తకం ఉర్దూలో ఉంది. మాస్టరు ఉర్దూలోనే చదువుకున్నవారు. ఒక పుట తిప్పారు. రెండో పుట తిప్పారు. చెప్పులు లేకుండానే వీధి దాటారు.

"1941 నుంచి 1948 దాకా ఈ బండి ఇంజను మూడుసార్లు విప్పి బిగించిన మిస్త్రీ ఎవరు? అబ్దుల్ సత్తార్, నివాసం బోధన్! ఇదిగో దస్కత్!"

సత్తార్ మియా లాంతరు మీంచి చూపు మరల్చలేదు. "ఈ జిల్లల సత్తార్లకేం తక్కువ సాబ్?"

"దస్కత్ నీది! నీ దుకాణం బోర్డు మీద ఉన్నదే!"

"అయితె వాడు నా దస్కత్ జూసి దొంగిలించి ఉంటడు."

"బోర్డు కట్టడానికి పదేళ్ల ముందా?"

"గంత హుషారు దొంగ."

పరదా వెనక హమీదా నవ్వు ఆపుకోలేకపోయింది. "మాస్టర్ సాబ్, ఈ నెలంత ఆయన గోళ్లు కొరుక్కున్నడు. పొరగాడు ఒక్క నట్టు ఉల్టా తిప్పితె ఇక్కడ ఈయన చెయ్యి గుంజుతుండె."

మాస్టరు ఇంటికి వచ్చి, ఈ మహా వంచనను యథాతథంగా నమోదు చేయడానికి మూడు సంపుటాలూ ముందేసుకున్నారు. పూర్వపు తప్పులతో పోల్చి చూపాలని తిరగేశారు. తిరగేసినకొద్దీ కలం నెమ్మదించింది. సత్తవ్వకు చెప్పిన తప్పులన్నీ బర్రెల గురించి. పోశయ్యకు చెప్పినవన్నీ చెరుకు గురించి. ఎవరికి ఏది క్షుణ్ణంగా తెలుసో వారికి దాని గురించే తప్పు చెప్పాడు ఆ మనిషి. ఇక తమకు చెప్పిన ఆరువందల పదకొండు తప్పుల్లో చరిత్రా భూగోళాలు దాటినది ఒక్కటీ లేదు. బోధన్ వచ్చాక పాఠం చెప్పమని తమను అడిగిన వారు ఎవరూ లేరన్న సంగతి, ఈ నాలుగేళ్లలో ఏ ఒక్క పొద్దునా తమకు గుర్తు రాలేదు. రాకుండా ఒకరు చూసుకున్నారు.

మాస్టరుకు కోపం రావలసి ఉంది. రాలేదు. రానందుకు కొంచెం కోపం వచ్చింది.

మరునాడు సాయంత్రం అస్లం పరీక్షకు చదువుకోవడానికి భూగోళం పుస్తకంతో వచ్చాడు. పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుని, తెరవకుండా కూర్చున్నాడు. మాస్టరు ఇద్దరికీ టీ పోశారు. ముప్ఫై నాలుగేళ్ల సర్వీసులో పలకని వాక్యాన్ని మధ్యాహ్నమంతా సాధన చేసి ఉంచారు. రెండుసార్లు గొంతు సవరించుకున్నారు.

"కర్కట రేఖ... హైదరాబాదు మీదుగా పోతుంది."

అస్లం తలెత్తాడు. "ఏంది సార్?"

"పోతుంది," అన్నారు మాస్టరు, ప్రాణం ఉగ్గబట్టి.

"పోదు సార్! అది భోపాల్ అవుతల ఉంటది! మన మీదికెల్లి ఎట్ల పోతది?" అస్లం పుస్తకం తెరిచి, పటం మీద వేలు పెట్టి, ముందుకు జరిగాడు. "ఇగో జూడుండ్రి, నేను సమజ్ చేస్త. ఇరవై మూడున్నర డిగ్రీలు. డిసెంబరుల సూర్యుడు సీదా గీడనే నెత్తి మీద నిలవడ్తడు..."

జూన్ అన్న మాట నాలుక చివరికి రాగానే మాస్టరు పెదవులు బిగించారు. అరుగు అంచును గట్టిగా పట్టుకున్నారు. చేతిలో టీ అయిపోయేదాకా ఒక్క మాట అనకూడదని ఒట్టు పెట్టుకున్నారు.

అది చాలా చిన్న గ్లాసు.