వేపాకు పెట్టిన డిస్కు

నల్లమాడ బస్సులో కిటికీ పక్కన కునికిపాట్లు పడుతుంటే కళ్లలోకి ఫెళ్లున వెలుగు కొట్టింది. ఉలిక్కిపడి చూశాను. రోడ్డు పక్క జొన్నచేనులో దారాలకు కట్టిన పాత సీడీలు గాలికి గిరగిరా తిరుగుతున్నాయి. చిలకలను బెదరగొట్టడానికి మా అనంతపురం వైపు రైతులు అలా కడతారు. మిగతావాళ్లు చెయ్యి అడ్డం పెట్టుకుని ముఖం తిప్పుకున్నారు. నేను మాత్రం "ఆపన్నా, దిగాల!" అని కేకేశాను. కండక్టరు "ఈడ స్టాపింగ్ లేదు మేడం" అంటూనే విజిల్ ఊదాడు. నలభై దాటినదాన్ని, సంచి భుజాన వేసుకుని చేనుగట్టు మీద పరుగు తీశాను. ఎందుకో తెలియాలంటే ముందు సుశీలమ్మ మేడం ఎవరో మీకు తెలియాలి.

అనంతపురంలో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో ఆమె నా పైఅధికారి. ఊరూరా బావుల్లో, బోర్లలో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో నెలనెలా కొలిచి, ఆ లెక్కలను కంప్యూటర్లో భద్రపరచడం మా పని. ఆమెది గుత్తి కోట కింద కూలికి పోయే క్రైస్తవ కుటుంబం. చదువుకుని, తంటాలు పడి, కంప్యూటర్ల లోతు పట్టుకున్న మనిషి. ఎప్పుడూ నూలు చీరే, ముక్కుసూటి మాటే. చేరిన రోజున నా టైపింగ్ వేగం చూసి మురిసిపోతుందనుకున్నాను. వెనక నిలబడి కాసేపు చూసి, "చేతులు బాగా పరిగెత్తుతాండాయి పాపా. కండ్లను కూడా వెంట తీసకపో" అంది. నాకు చుర్రుమంది. ఆ మాటకు నేనెంత తగినదాన్నో తెలియడానికి ఏడాది కూడా పట్టలేదు.

మా దగ్గర పాతకాలం కొలతలన్నీ ఒకే ఒక డిస్కులో ఉండేవి. వాటిని చూపించే ప్రోగ్రాము పాత విండోస్‌లో తప్ప నడవదు, అదీ డ్రైవులో డిస్కు ఉంటేనే. పాత కంప్యూటరు కాలిపోయింది. సుశీలమ్మ మేడం ఆ డిస్కును పొల్లు పోకుండా ఒక ఫైలుగా దించింది. కొత్త కంప్యూటరు లోపలే పాత కంప్యూటరులా నడిచే వర్చువల్ మెషీన్ ఒకటి తయారు చేసింది. దానికి ఉన్న సీడీ డ్రైవు కూడా ఉత్తుత్తిదే. అందులో ఆ ఫైలును పెట్టగానే లోపలి విండోస్ నిజం డిస్కే వచ్చిందని నమ్మేసి, ప్రోగ్రామును తెరిచింది! నేను చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను. ఆమె మాత్రం ఆ ఫైలుకు తాళం వేసింది. అంటే చదవవచ్చు, ఒక్క అక్షరం కూడా రాయకూడదు. అసలు డిస్కును డబ్బాలో పెట్టి, దాని మీద ఒక వేపాకు ఉంచి బీరువాలో దాచింది. ఆ ఆకేమిటో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

కొన్నాళ్లకు ఒక సోమవారం నల్లమాడ దగ్గరి నుంచి ఓబులేసు అనే రైతు వచ్చాడు. మూడు బోర్లు వేస్తే మూడింట్లోనూ దుమ్మే లేచింది. నాలుగోదానికి శనివారం బోరు లారీ వస్తుంది. "ఇదీ పోతే బెంగుళూరికి కూలికి పోవాల్సిందే మేడం. మా ఊరి పాత కొలతలు ఉంటే చూసి చెప్పండి" అని బతిమాలాడు. నేను అప్పుడు బీరువా సర్దుతున్నాను. పక్కన అట్టపెట్టె నిండా పారేయాల్సిన సీడీలు ఉన్నాయి. "ఇవి పనికిరానివేనా? చిలకలకు కడతా" అన్నాడు. పుణ్యమే కదా, ఇచ్చేశాను. నేను బీరువాలోంచి తీసి పెట్టిన ఒక డబ్బా కూడా వాటిలో కలిసింది, దాంట్లోంచి ఎండిపోయిన ఆకు రాలింది. మేడం పెట్టిన ఆకని తట్టలేదు, చెత్త అనుకుని ఊడ్చేశాను. టౌనులో పుట్టి పెరిగినదాన్ని, నాకేం తెలుసు!

బుధవారం మేడం సెలవు. ఓబులేసు ఊరి కొలతలు తీద్దామని కూర్చున్నాను. వర్చువల్ మెషీన్ ప్రోగ్రాముకు కొత్త వెర్షన్ వేసి ఉంది. అది ఏ ఫైలునైనా రాయడానికి కూడా అనుమతి ఉంటేనే తెరుస్తానని మొరాయించింది. ఇంత చిన్నదానికి మేడంకు ఫోనెందుకని ఫైలు తాళం తీసేశాను. తొందరలో దాన్ని సీడీ డ్రైవులో కాకుండా హార్డ్ డిస్కుగా తగిలించాను. లోపలి విండోస్‌కు అది అర్థంకాని డిస్కులా కనిపించి, ఫార్మాట్ చేయమంటావా అని అడిగింది. చేతులు పరుగెత్తాయి, కళ్లు వెంట వెళ్లలేదు. సరే అని నొక్కాను. క్షణాల్లో ఫైలు ఖాళీ అయింది. అసలు డిస్కు తీద్దామని బీరువా తెరిచాను. డబ్బా లేదు. అప్పుడు గుర్తొచ్చింది ఊడ్చేసిన ఆకు.

ఫోనులో మేడంకు ఏడుస్తూ చెప్పాను. "ఏడ్చేది శనివారం పెట్టుకుందాం. డిస్కు యాడుండాది?" అంది.

"ఓబులేసన్న చేనులో ఉంటాది మేడం."

"రేపు పొద్దున ఫస్టు బస్సు. కొత్త సీడీలు పది తీసుకో."

దారిలో ఆమె తిట్టి ఉంటే బాగుండేది. కిటికీలోంచి చూస్తూ, "కరువు ఏండ్లలో మా పక్కింటోళ్లు విత్తనం చెనక్కాయల మూటలో వేపాకు వేసి కట్టేవోళ్లు. ఇంట్లో పొయ్యి వెలగకపోయినా ఆ మూట విప్పేవోళ్లు కాదు. తింటే మళ్ల విత్తేదానికి ఏముండాది? నీకు చెప్పకపోవడం నా తప్పే" అంది. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

చేను చూసి ఇద్దరం బిత్తరపోయాం. ఎటు చూసినా సీడీలే, అన్నీ తళతళా తిరుగుతున్నాయి. ఓబులేసు ఎదురొచ్చి, "చిలకలు రాకూడదని కట్టినా, మీరొచ్చినారే!" అని పగలబడి నవ్వాడు. విషయం చెప్పగానే ఆ నవ్వు ఆగిపోయింది. ముగ్గురం తలా ఒక సాలు పట్టుకుని ఒక్కో డిస్కూ ఆపి చూశాం. పాతబడి, దుమ్ము పట్టి చాలావాటి మీద రాతలు చెరిగిపోయాయి. చివరికి గట్టు పక్క ఒకదాని మీద మేడం గుండ్రటి చేతిరాత, సగం చెరిగి, కనిపించింది. నేను వేసిన కేకకు నిజంగానే చిలకలు లేచిపోయాయి. ఆమె చీరకొంగుతో దాన్ని మధ్య నుంచి అంచుకు నిలువుగా తుడిచింది. దారానికి ఒక కొత్త సీడీ కట్టి, "కాపలా తగ్గకూడదు" అంది.

శుక్రవారం డిస్కును డ్రైవులో పెట్టాం. బుయ్యిమని తిరుగుతుంది, ఆగుతుంది, వెనక్కి పోయి మళ్లీ చదువుతుంది. నేను గోళ్లు కొరుకుతున్నాను. "దానికి తొందర లేదు, నీకే" అంది ఆమె. మధ్యాహ్నానికి ఫైలు పూర్తిగా దిగింది! వెంటనే తాళం వేసింది. వర్చువల్ మెషీన్ మళ్లీ మొరాయించింది. ఆమె తాళం ముట్టుకోలేదు. సెట్టింగుల్లోకి వెళ్లి, ఇది సీడీ, దీన్ని చదవడానికి మాత్రమే తెరువు అని ఆ ఉత్తుత్తి డ్రైవుకే నేర్పింది.

"అది రాయాలని అడిగితే నువ్వు తలుపు తీసినావు. సీడీ మీద రాసేదానికి నీకేం పని అని అడగాల, పాపా."

ప్రోగ్రాము తెరుచుకుంది. ఓబులేసు ఊరు వచ్చింది. గుట్ట కింది బావులన్నీ ఎండాకాలం రాకముందే అడుగంటినట్టు ఉంది. అతను బోరు వేయబోయేది అక్కడే. వాననీళ్లు పారే వంక పక్కన ఒక్క బావిలో మాత్రం ఏ కరువు ఏడూ నీళ్లు దిగిపోలేదు. ఫోను చేసి ఓబులేసుకు చెప్పాను. "అది మా తాత బావి మేడం. పూడ్చేసి చానా ఏండ్లాయ. ఆడ బావి ఉన్నట్టే మరిచిపోయినాం. లారీని ఆడికే తోలిస్తా."

శనివారం మిట్టమధ్యాహ్నం నా ఫోను మోగింది. ఎత్తితే మాట లేదు, జలజలమని ఒకటే చప్పుడు. ఆ చప్పుడు మీద ఓబులేసు అరుపు: "రెండంగుళాల నీళ్లు, మేడం! రెండంగుళాలు పడినాయి!" నేను కుర్చీలోంచి లేచి గంతులేశాను. సుశీలమ్మ మేడం ఫోను తీసుకుని చాలాసేపు ఆ నీళ్ల చప్పుడే విన్నది. పెట్టేశాక కళ్లు తుడుచుకుని, "ఇంక ఏడ్చుకో, శనివారం వచ్చినాది" అని నా వీపు తట్టింది. నేను నిజంగానే ఏడ్చాను.

ఇప్పుడామె రిటైరై గుత్తిలో ఉంటోంది. ఆమె కుర్చీలో నేను కూర్చుంటున్నాను. ఏ యంత్రం ఏ అనుమతి అడిగినా, నీకేం పని అని పైకే అడుగుతాను. ఆఫీసులో నవ్వుకుంటారు, నవ్వుకోనీ.

బస్సు దిగి వెళ్లిన చేనులో ఒక పెద్దామె కలుపు తీస్తోంది. తిరుగుతున్న డిస్కులను ఒక్కొక్కటే ఆపి చూశాను. సినిమా పాటలు, సినిమా పాటలు, ఆ తరువాత ఒకదాని మీద వెలిసిన అక్షరాల్లో ఏదో పెళ్లి తేదీ.

"అది మా పెద్దోడి పెండ్లిది" అంది ఆమె, కొడవలి ఆపి. "దాన్ని చూసే మిషను యాడుండాదమ్మా ఇప్పుడు! మా ఆయన కూడా ఉన్నాడు దాంట్లో. డ్యాన్సు చేసినాడు ఆ పొద్దు. పోయి ఆరేండ్లాయ."

"నాకు రెండు రోజులు ఇస్తావా అమ్మా? మళ్లా తెచ్చిస్తా, ఆయన్ను నా ఫోనులో చూపిస్తా."

ఆమె నన్ను నమ్మాలా వద్దా అన్నట్టు చూసి, తనే దారం విప్పి ఇచ్చింది. నా సంచిలో ఎప్పుడూ ఉండే కొత్త సీడీ ఒకటి తీసి దాని చోట కట్టాను. గట్టు మీది వేపచెట్టు నుంచి ఒక ఆకు తుంచి, డిస్కు మీద పెట్టి, రుమాలులో మూట కట్టాను.