చివరివాడే ముందు మాట్లాడాలి

నెల రోజులైంది. మా బామ్మర్దికి నాలుగుసార్లు ఫోను చేశాను, రెండు ఉత్తరాలు రాసి సెక్టర్ 4లోని వాడింటికి నేనే వెళ్లి ఇచ్చి వచ్చాను, ఒక్కదానికీ జవాబు లేదు. వాడికి నా మాట వినే తీరిక లేదు కాబట్టి, ఈ భిలాయిలో నాతోపాటు సైకిళ్లు తొక్కుకుంటూ ఉక్కు ప్లాంటుకి పోయి, అక్కడే జుట్టు నెరిసిన నా ఈడు వాళ్లతోనే చెప్పుకుంటున్నాను.

పోయిన నెల మన తెలుగువాళ్ల సభలో వాడు ఉపన్యాసం ఇచ్చాడు. మంచి అలవాట్లు మనిషిని నాయకుణ్ణి ఎలా చేస్తాయన్నది విషయం. నన్ను మూడో వరసలో కూర్చోబెట్టారు. వాడి కూతురి పెళ్లిలోనూ నాకు దొరికింది మూడో వరసే, అది వేరే సంగతి. వాడు మైకు పట్టుకుని, నాయకుడన్నవాడు అందరికంటే చివర మాట్లాడాలి, అందరికంటే చిన్నవాడిచేత ముందు మాట్లాడించాలి, నేను నా ఉద్యోగమంతా ఇదే పాటించాను, నోరు ఆగకపోతే బుగ్గన లవంగం పెట్టుకునేవాణ్ణి అన్నాడు. హాలంతా చప్పట్లు. నా పక్కన మా ఆవిడ కూడా కొట్టింది.

ఆ లవంగం నాది.

రోలింగ్ మిల్లు మరమ్మతు గ్యాంగుకి నేను ఛార్జిమన్‌గా ఉన్న రోజులవి. షిఫ్టు మొదలయ్యే ముందు పన్నెండుమందీ నా చుట్టూ గుండ్రంగా నిలబడేవారు, ఎవరు ఏ పని చెయ్యాలో నేను గడగడా చెప్పేసేవాణ్ణి, వాళ్లు తలలూపి వెళ్లిపోయేవారు. నా గొంతంటే నాకే ముచ్చటగా ఉండేది, దాచడమెందుకు. మా గ్యాంగులో అందరికంటే కింది పనివాడు ఒక ఖలాసీ, ఇక్కడి ఛత్తీస్‌గఢీ మనిషే, నాకంటే పదేళ్లు పెద్ద. ఒక ఉదయం నేను మాట్లాడుతుండగా అతను చెయ్యి సగం ఎత్తి మళ్లీ దించేసుకున్నాడు. నేను చూశాను. చూసి కూడా ఆగలేదు. గంట తరవాత ఒక యంత్రం మీది ఇనుప మూత ఊడి అతని చేతిమీదే పడింది, రెండు వేళ్లు పోయాయి. దాని బోల్టు వదులైందని అతనికి ముందే తెలుసు. మరెందుకు చెప్పలేదని ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని అడిగితే, “ఆప్ బోల్ రహే థే, భయ్యా” అన్నాడు. మీరు మాట్లాడుతున్నారు కదా, మధ్యలో నేనెలా మాట్లాడను అని. అందులో నిష్ఠూరం కూడా లేదు. అదే నన్ను ఎక్కువ కోసింది.

మర్నాటినుంచి నేను గుండ్రంలో నిలబడి లవంగం బుగ్గన పెట్టుకునేవాణ్ణి. అందరూ మాట్లాడేదాకా దాన్ని కొరకకూడదు, కొరికాకే నేను మాట్లాడాలి. మొదటి రెండు వారాలు ఎవరూ నోరు విప్పలేదు, పన్నెండుమందీ బూట్లు చూసుకుంటూ నిలబడేవారు. పక్క గ్యాంగు ఛార్జిమన్, విజయనగరం మనిషి, పోతూ పోతూ “ఏటి బావూ, మీ కాడ ఖలాసీయే దొర, నువ్వు ఖలాసీవా?” అని వేళాకోళమాడేవాడు. జ్వరమొచ్చిన రోజూ, పైఅధికారి తిట్టిన రోజూ, ఇంట్లో పోట్లాడి వచ్చిన రోజూ మానలేదు. మానాలనిపించిన రోజునే అలవాటు విలువ తెలుస్తుందని ఏ పుస్తకంలోనూ చదవలేదు, నిలబడి నేర్చుకున్నాను. అలా రిటైరయ్యేదాకా ఇరవై రెండేళ్లు.

మా బామ్మర్ది ఆ ప్రమాదం జరిగాకే ఊరినుంచి వచ్చి, ఖుర్సీపార్‌లో మా ఇంట్లోనే ఉంటూ, నా గ్యాంగులోనే అప్రెంటిస్‌గా చేరాడు. అందరికంటే చిన్నవాడు కనక ముందు మాట్లాడాల్సింది వాడే అయ్యేది. మొదటిరోజు వాడి పెదాలు వణికాయి, మాట రాలేదు. తక్కినవాళ్లు నవ్వబోతే కళ్లతోనే ఆపి, వాడు గొంతు కూడదీసుకునేదాకా ఆగాను. ఇవాళ మైకు ముందు నదురూ బెదురూ లేకుండా నిలబడే ఆ మనిషికి మాట వచ్చింది అక్కడ. తరవాత పరీక్షలు రాసి ఆఫీసరయ్యాడు, నా పైవాడయ్యాడు, నేను సంతోషించాను, నిజంగానే.

అలవాటు తనదని చెప్పుకుని ఊరుకున్నా సహించేవాణ్ణేమో. కానీ వాడు ఇంకా చెప్పాడు: మా దగ్గర ఒక మొండి ఛార్జిమన్ ఉండేవాడు, ఎవరి మాటా వినేవాడు కాదు, అతనివల్ల ఒక పేదవాడి వేళ్లు పోయాయి, అది కళ్లారా చూసి ఈ పద్ధతి నేను మొదలుపెట్టాను, అని. చెబుతూ నావైపు ఒక్కసారి కూడా చూడలేదు. అలవాటు తను తీసుకుని, తప్పు నాకు వదిలిపెట్టాడు.

భోజనాల దగ్గర పట్టుకుని అడిగితే, నా భుజం తట్టి, “నీ పేరు చెప్పలేదు కదా బావా, కథ అలాగ చెప్తేనే జనానికి ఎక్కుతాది” అని ఫోటోకి వెళ్లిపోయాడు. ఇంటికొచ్చాక మా ఆవిడ, “ఏటయిపోనాది ఇప్పుడు? తమ్ముడికి పేరొస్తే మనకి రానట్టేటి?” అంది. ఆ ఖలాసీ ఉంటే ఆయన చెప్పేవాడు, ఆయన పోయి ఆరేళ్లయింది. తక్కిన గ్యాంగువాళ్లు రిటైరై తలో ఊరికీ పోయారు, ఇప్పుడు ఇక్కడ నిజం తెలిసినవాడు నేను కాక వాడొక్కడే.

ఈమధ్య ప్లాంటు గేటు దగ్గర ఒక కుర్రవాణ్ణి అడిగాను, షిఫ్టు ముందు మీరంతా నిలబడి మాట్లాడుకుంటారా అని. ఎక్కడంకుల్, గ్రూపులో మెసేజ్ వస్తుంది, చూసుకుంటాం అన్నాడు. కింద ఎవడైనా జవాబు రాస్తాడా అంటే, బొటనవేలు బొమ్మ పెడతాం అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఒక మనిషి గొంతు పెగలడం కోసం పదకొండుమంది పని ఆపి ఎదురుచూసిన కాలం ఒకటుండేదంటే వాడు నమ్మడు.

ఆ వేళ్లు నావల్లే పోయాయి. దాన్ని నేను ఎవరిమీదకీ తొయ్యను, చచ్చేదాకా మోస్తాను. కానీ ఆ తప్పులోంచి నన్ను నేను దిద్దుకున్నది కూడా నాదే. బామ్మర్దీ, నువ్వు నాకు ఫోను చెయ్యనక్కర్లేదు, మా ఇంటికి రానక్కర్లేదు. అదే హాల్లో, అదే మైకు ముందు, ఆ చప్పట్లు కొట్టినవాళ్లకి వినపడేలా చెప్పు: ఆ అలవాటు ఎవరిది?