మా రొట్టెలు గ్యాస్ మీదనే

మా ఇంటికి గ్యాస్ పొయ్యి వచ్చి చాలా ఏళ్లయింది. అన్నం, కూర, చాయ్ దాని మీదే, అవన్నీ నా పని. జొన్నరొట్టెలు మాత్రం అత్తమ్మవి, అవి పెరట్లో కట్టెల పొయ్యి మీదే కాలాలి. ఎండిన చెరుకు ఆకు వేసి ముట్టించగానే పొగ లేస్తుంది, ఆ వెంటే ఆమె దగ్గు మొదలవుతుంది. పొగకు దూరంగా ఉండమని నిజామాబాద్ డాక్టరు మా ఇద్దరి ముందూ గట్టిగానే చెప్పాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో సరేనంది. తెల్లారి మళ్లీ పొయ్యి ముందే కూర్చుంది.

"గ్యాస్ మీద రొట్టెకు రుచి ఉండది పిల్లా" అని ఒక్కటే పాట. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది. ఆ దగ్గు వింటే మాత్రం గుండె జారేది.

మొన్న ఎండాకాలం పంచాయతీ తరఫున ఒక అమ్మాయి ఫోన్ పట్టుకొని ఇంటింటికీ తిరిగింది. మా అరుగు మీద కూర్చొని, మంచినీళ్లు, బడి, పొగలేని వంట అందరికీ అందాలని దేశాలన్నీ కలిసి లక్ష్యాలు పెట్టుకున్నాయనీ, మన రెంజల్ మండలం ఊళ్లు ఎంతదాకా వచ్చాయో లెక్క తీస్తున్నామనీ చెప్పింది.

"దేశాలన్నిటికి మా పొయ్యితోని ఏం పని బిడ్డా?" అంది అత్తమ్మ.

"మీ పొయ్యి లెక్కకు రాకుంటే దేశం లెక్క ఎట్లొస్తది అవ్వా? వంట దేని మీద చేస్తరు?"

అప్పటికే ఇరుగుపొరుగు ఆడవాళ్లు చేరారు. అత్తమ్మ కొంగు సర్దుకొని, "గ్యాస్ మీదనే" అంది.

"రొట్టెలు గూడ?"

"రొట్టెలు గూడ."

పెరట్లో పొయ్యి ఇంకా పొగ కక్కుతూనే ఉంది. నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ నా వైపు ఒక చూపు చూసింది. ఆ అమ్మాయి ఫోన్‌లో నొక్కుకొని పక్కింటికి పోయింది. దేశాల సంగతి దేవుడెరుగు, మా ఇంటి లెక్క తప్పుగా పోయిందని లోపల గొణుక్కున్నాను.

మర్నాడు పొద్దున్నే అత్తమ్మ పిండి గిన్నెతో వంటింట్లోకి వచ్చింది.

"అందరి ముంగట చెప్పిన. అవద్దమాడిందంటరు. ముట్టియ్యి."

నేను నవ్వు ఆపుకుంటూ లైటర్ ఆమెకే ఇచ్చాను. "నువ్వే ముట్టియ్యరాదు అత్తమ్మా."

ఆమె లైటర్ పట్టుకున్న చేతిని పొయ్యి దాకా చాచి వెనక్కి తీసుకుంది.

"నాకు భయం పిల్లా" అంది మెల్లగా. "భగ్గుమంటదేమోనని. కట్టెల పొయ్యైతే నా మాటింటది."

ఇన్నేళ్లూ మేం పోట్లాడుకున్నది రుచి గురించి కాదన్నమాట. ఆమె మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. ఆ చేతి మీద నా చెయ్యి వేసి ముట్టించాను. మొదటి రొట్టె మాడింది, రెండోది పొంగింది.

ఇప్పుడు రోజూ ఆమే ముట్టిస్తుంది. ముట్టించే ముందు కళ్లు గట్టిగా మూసుకుంటుంది, నన్ను పక్కనే ఉండమంటుంది. ఎంత పని ఉన్నా వదిలేసి వెళ్లి నిలబడతాను.